మా ఇల్లు మా కారుకి తెలీదు

మా కారు దృష్టిలో మేం చాలాకాలం పొలంలో కాపురం ఉన్నాం.

నవ్వులాటకి అనడంలేదు. 2013లో డాలస్‌కి ఉత్తరాన ఉన్న ఫ్రిస్కోలో, కొత్తగా లేచిన ఒక కాలనీలో ఇల్లు కొనుక్కున్నాం. సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ పెద్దరోడ్డు మీంచి మా కాలనీలోకి తిరగ్గానే డాష్‌బోర్డు తెరమీద రోడ్డు అయిపోయేది. ఆపైన అంతా లేతరంగు ఖాళీ జాగా. అందులో మా కారు గుర్తు ఈదుకుంటూ ఈదుకుంటూ వెళ్ళి ఎక్కడో మధ్యలో ఆగేది. అదే మా గ్యారేజి. "వీలైనచోట వెనక్కి తిరగండి" అని కార్లో ఆవిడ మర్యాదగా హెచ్చరిస్తూనే ఉండేది. అప్పటికి మావాడికి నాలుగేళ్ళు. "నాన్నా, మన ఇల్లు కారుకి తెలీదా?" అని అడిగాడు ఒకరోజు.

తెలీదు. తెలిసేలా చెయ్యాలంటే ఎంతవుతుందో కనుక్కుందామని బయల్దేరడంతో మొదలయింది ఈ గోలంతా.

ముందు కారు కొన్ననాటి సంగతి చెప్పాలి. 2011లో కొన్నాను. నేవిగేషను విడిగా అమ్మరు. తోలు సీట్లు, వెనక కెమెరా, ఇంకేవో నాలుగు కలిపి ఒక ప్యాకేజీగా కట్టి, ఇంచుమించు 2 వేల డాలర్లు ఎక్కువ వేశారు. "అంత అవసరమా? అద్దానికి అతికించుకునే పెట్టె కొనుక్కుంటే సరిపోదూ?" అంది మా ఆవిడ. నేను వినలేదు. అతికించే పెట్టె దొంగలకి కనిపిస్తుందనీ, వైర్లు వేలాడతాయనీ, కార్లో పుట్టిన నేవిగేషను దర్జాయే వేరనీ ఏదో చెప్పాను. అసలు కారణం ఏంటంటే, అది చూడగానే నాకు నచ్చింది. గాడ్జెట్ల దగ్గర మనవాళ్ళ వివేకం ఎలా ఉంటుందో మీకు తెలియంది కాదు.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే బుద్ధిలేని పనిలా ఉంటుంది గానీ అప్పటికి మరీ అంత తప్పుగా అనిపించలేదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో గూగుల్ ఉచితంగా మలుపు మలుపుకీ దారి చెప్పడం 2009 అక్టోబరులో ప్రకటించింది. ఆ వార్త వచ్చిన రోజే గార్మిన్, టామ్‌టామ్ షేర్లు దబ్బున పడ్డాయి. నా చేతిలో ఉన్నది ఐఫోను. దాంట్లో యాపిల్ సొంత మ్యాపులు దారి చెప్పడం 2012 సెప్టెంబరులో, గూగుల్ వాళ్ళ యాప్ అదే ఏడాది డిసెంబరులో మొదలయ్యాయి. అంటే నేను కారు కొన్న ఏణ్ణర్థానికల్లా 2 వేల డాలర్ల సరుకు నా జేబులోకి ఉచితంగా వచ్చి పడింది. టైమింగు అంటే నాదే!

సరే, పోతే పోయింది, పనిచేసినన్నాళ్ళూ చేస్తుందిలే అనుకున్నాను. పనిచెయ్యకపోవడం అంటే ఏంటో మాత్రం నేను అప్పటికి ఆలోచించలేదు. తెర వెలగకపోవడం, డిస్కు తిరగకపోవడం, అంతవరకే నా బుర్రకి తట్టింది. అన్నీ నిక్షేపంగా పనిచేస్తూనే తప్పుదారి చెప్పడం అన్నది తట్టలేదు.

2013 సెప్టెంబరులో అమ్మా నాన్నా మొదటిసారి వచ్చారు. హైదరాబాదు నుంచి దుబాయి మీదుగా. దుబాయి నుంచి డాలస్ దాకా ఒక్క విమానంలోనే దాదాపు 16 గంటలు. నాన్నకి షుగరు. సరిగ్గా వాళ్ళు దిగే రోజుకే నన్ను షికాగో పంపారు. మా కంపెనీ సాఫ్ట్‌వేరు ఏడేళ్ళ నాటి వెర్షను వాడుతున్న ఒక క్లయింటు ఉన్నాడు అక్కడ. "అప్‌గ్రేడు చేసుకోండి మహాప్రభో" అని వాళ్ళని ఒప్పించడం నా పని. (ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. తర్వాత పనికొస్తుంది.)

కాబట్టి ఎయిర్‌పోర్టుకి మా ఆవిడ వెళ్ళింది. లైసెన్సు వచ్చి అప్పటికి అయిదు నెలలు. ఆవిడ చేతిలో ఉన్నది మామూలు మాట్లాడే ఫోను, డేటా ప్లాను లేదు. "కార్లో నేవిగేషను ఉందిగా, డీఎఫ్‌డబ్ల్యూ అని కొట్టు, అదే తీసుకెళ్తుంది" అని నేనే భరోసా ఇచ్చాను.

ఆ ఎయిర్‌పోర్టుకి ఉత్తరం వైపు 121, 114 నంబరు రోడ్లు కలిసేచోట 2010 నుంచి పెద్ద పని జరిగింది. కొత్త వంతెనలు, కొత్త లేన్లు, మధ్యలో డబ్బు కట్టి వెళ్ళే ప్రత్యేక లేన్లు. ర్యాంపులన్నీ చోటు మారాయి. మా కార్లో ఉన్న మ్యాపు ఆ పనికంటే పాతది. అది ఉన్న ర్యాంపు గురించి చెప్పలేదు, లేని ర్యాంపు దగ్గర కుడివైపుకి వెళ్ళమంది. ఈవిడ వెతుక్కునేలోపు అసలు దారి దాటిపోయింది. తర్వాత అది మళ్ళీ లెక్కవేసి ఇంకో దారి చెప్పింది, అదీ పాతదే. రెండుసార్లు తిరిగి మూడోసారి ఫోర్ట్‌వర్త్ వైపు పోయింది పాపం. వెనక సీట్లో పిల్లాడు ఏడుపు.

నేను మీటింగులో ఉండగా తెలియని నంబరు నుంచి ఫోను. నాన్న. ఎవరో గుజరాతీ ఆయన ఫోను అడిగి చేశారు. "ఒరే, అమ్మాయి ఇంకా రాలేదురా. గంటయింది. ఏం పర్లేదు, కూర్చున్నాం" అన్నారు. గొంతు పీలగా ఉంది. ఆ తర్వాత అమ్మ తీసుకుని అసలు సంగతి చెప్పింది. విమానంలో సరిగా తినలేదట. కళ్ళు తిరుగుతున్నాయంటే ఆ గుజరాతీ ఆయన భార్య తన బ్యాగులోంచి జ్యూసు డబ్బా తీసి ఇచ్చిందట. ఆ దంపతులెవరో మాకు ఈనాటికీ తెలీదు.

మీటింగులోంచి బయటికొచ్చి కారిడారులో నేలమీద కూర్చుని ల్యాప్‌టాపులో గూగుల్ మ్యాపు తెరిచాను. మా ఆవిడకి ఫోను చేసి ఎక్కడున్నావో పక్కన బోర్డులు చదవమన్నాను. ఆవిడ ఒక పెట్రోలు బంకులో కారు ఆపి ఏడుస్తోంది. అక్కడినుంచి టెర్మినల్ దాకా నేను చెబుతూ, ఆవిడ స్పీకరులో వింటూ వెళ్ళింది. ఇరవై నిమిషాలు నేనే నేవిగేషను. మధ్యమధ్యలో కార్లో ఆవిడ కూడా తన మాట చెబుతూనే ఉంది. "దాని నోరు ముందు మూయించండి" అంది మా ఆవిడ. ఎలా మూయించాలో నాకూ గుర్తులేదు.

అందరూ క్షేమంగా ఇల్లు చేరారు. నాన్నకి అన్నం తిన్నాక తగ్గింది. పెద్ద ప్రమాదమేమీ కాదు, ఆయన ఆ రాత్రే దాన్ని జోకు చేసేశారు కూడా. కానీ మా ఆవిడ అన్నమాట నాకు పట్టుకుంది. "తెలీదని చెబితే నేనే ఎవర్నైనా అడిగేదాన్ని కదా. అంత గట్టిగా చెబుతుంటే నిజమే అనుకున్నాను."

నిజమే కదా. పాత మ్యాపు తనకి తెలీదని చెప్పదు. కొన్న రోజు ఏ గొంతుతో చెప్పిందో, రెండేళ్ళ తర్వాతా అదే గొంతు, అదే ధీమా.

ఆ వారమే డీలరు దగ్గరికి వెళ్ళాను. సర్వీసు కౌంటరులో కుర్రాడు కంప్యూటరు చూసి చెప్పాడు: కొత్త మ్యాపు డిస్కు 199 డాలర్లు, వేసినందుకు అరగంట కూలి 65 డాలర్లు, డిస్కు మీద పన్ను అదనం. తడిసి మోపెడై 280 అయింది. డిస్కు నేను వేసుకోలేనా అంటే, వేసుకోవచ్చుగానీ కారు నంబరుకి సరిపడే కోడు ఇక్కడే కొట్టాలన్నాడు. అందులో మా వీధి ఉంటుందా అని అడిగాను. "అది నాకు తెలీదండీ. సీలు విప్పాక మాత్రం వాపసు తీసుకోం" అన్నాడు. ఎంత పారదర్శకత!

అదే 280 పెడితే అప్పట్లో అద్దానికి అతికించే కొత్త గార్మిన్ పెట్టె వచ్చేది, ఇంకా డబ్బు మిగిలేది. మ్యాపుల్ని జీవితకాలం అప్‌డేట్ చేసే పథకం గార్మిన్ 2009లోనే మొదలుపెట్టింది. తర్వాత పేరు చివర ఎల్‌ఎమ్ అని ఉన్న పెట్టెలకి ఆ అప్‌డేట్లు ధరలోనే కలిపి ఇచ్చింది. (జీవితకాలం అంటే మన జీవితకాలం కాదులెండి, ఆ పెట్టెది. అయినా నయమే.) అంటే మ్యాపులు చేసే ఖర్చు భరించలేనంత కాదన్నమాట. భరించే దారి వేరేవాళ్ళకి దొరికింది, కారు కంపెనీకి దొరకలేదు.

ఆ శనివారం పాట్‌లక్‌లో ఈ సంగతి చెబితే ఒక మిత్రుడు నవ్వాడు. "280 ఏంటి బాసూ, కాపీ డిస్కు పది డాలర్లకి దొరుకుతుంది, కోడు కూడా వాళ్ళే ఇస్తారు" అన్నాడు. మనసు లాగలేదని అబద్ధం చెప్పను. కానీ కోడు రాసుకుని బతికేవాణ్ణి, పక్కవాడి కోడు దొంగతనంగా వాడుకోవడానికి చెయ్యి రాలేదు. 280 కట్టేశాను.

కొత్త మ్యాపులో ఎయిర్‌పోర్టు దగ్గరి ర్యాంపులు వచ్చాయి. మా వీధి రాలేదు. ఎప్పట్లాగే పొలంలో కాపురం.

కోపం చల్లారాక ఇంజనీరు బుద్ధి నిద్రలేచింది. ఇంత ఎందుకు అవుతుందో చూద్దామనుకున్నాను.

ఈ కథ చాలా పాతది. 1985లో కాలిఫోర్నియాలో ఎటాక్ అనే కంపెనీ కార్లకి నేవిగేటరు అమ్మింది. అప్పటికి మామూలు జనానికి జీపీఎస్ లేదు. చక్రం ఎన్నిసార్లు తిరిగింది, కారు ఎటు తిరిగింది అని లెక్కగట్టి చోటు కనిపెట్టేది. మ్యాపులు క్యాసెట్లలో ఉండేవి, పాటల క్యాసెట్లలాంటివే. ఊరి హద్దు దాటితే క్యాసెట్టు మార్చాలి. మ్యాపుని డబ్బాలో పెట్టి అమ్మే అలవాటు అప్పట్నుంచీ ఉంది. క్యాసెట్టు పోయి సీడీ, సీడీ పోయి డీవీడీ, డీవీడీ పోయి ఎస్‌డీ కార్డు వచ్చాయి. అలవాటు మాత్రం పోలేదు.

ఆ డిస్కులో ఉండేది గోడకి తగిలించే బొమ్మలాంటి మ్యాపు కాదు. గ్రాఫు. కూడళ్ళు నోడ్లు, రోడ్లు ఎడ్జిలు. ఒక్కో ఎడ్జికి బోలెడు వివరాలు: వన్‌వేనా కాదా, ఎడమకి తిరగనిస్తారా, ఎన్ని లేన్లు, వేగం ఎంత, లారీలు పోవచ్చా, ఇంటి నంబర్లు ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా. దీన్నంతా తీసుకుని ఆ కారులోని బక్క ప్రాసెసరుకి, నత్తనడక డిస్కు డ్రైవుకి సరిపోయేట్టు ముక్కలు చేసి కంపైలు చేస్తారు. ఒక్కో తయారీదారుకీ ఒక్కో ఫార్మాటు. డిస్కు మీద రాయడం కుదరదు గనక ఒక్క వీధి చేర్చాలన్నా మొత్తం ఖండమంతా మళ్ళీ కంపైలు చేసి, పరీక్షించి, కొత్త డిస్కు ముద్రించాలి. కొత్తగా మారినదాన్ని మాత్రమే పంపించే వీలుండాలని కారు కంపెనీలూ మ్యాపు కంపెనీలూ కూర్చుని ఎన్‌డీఎస్ అనే ఉమ్మడి ఫార్మాటు తయారుచేసుకున్నాయి. మా కారు ఆ తరానిది కాదు.

మరి అసలు డేటా? దాదాపు అందరూ ఇద్దరి దగ్గరే కొనేవాళ్ళు. ఒకటి నావ్‌టెక్, రెండోది టెలి అట్లాస్. ఎంత విలువైన వ్యాపారమంటే, 2008లో నావ్‌టెక్‌ని నోకియా 810 కోట్ల డాలర్లకి కొంది. అదే ఏడు టెలి అట్లాస్‌ని టామ్‌టామ్ 290 కోట్ల యూరోలకి కొంది. నోకియా కొన్న ఆ మ్యాపుల వ్యాపారమే హియర్ అనే పేరుతో 2015లో ఆడి, బీఎండబ్ల్యూ, డైమ్లర్ కంపెనీల చేతికి 280 కోట్ల యూరోలకి వెళ్ళింది. ఏడేళ్ళలో సగం కూడా లేదు. మధ్యలో ఏం జరిగిందో మన జేబుల్లో ఉన్న ఫోన్లని అడిగితే చెబుతాయి.

ఇక్కడ నాకు నా పాత రూమ్మేటు గుర్తొచ్చాడు. 2003లో ఎస్సార్‌నగర్‌లో మేం నలుగురం ఒక గదిలో ఉండేవాళ్ళం. ముగ్గురం జావా నేర్చుకుంటూ ఉద్యోగాలు వెతుక్కుంటుంటే వాడికి మాత్రం మ్యాపులు డిజిటైజ్ చేసే కంపెనీలో ఉద్యోగం దొరికింది. హైదరాబాదులో ఆ పని అప్పటికే బాగా ఉంది. 1991లో పెట్టిన ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్ (ఇప్పటి సైయెంట్) లాంటి కంపెనీలు దాంట్లో పేరు తెచ్చుకున్నాయి. మావాడు చేసింది ఇంకో చిన్నదాంట్లో. రాత్రి షిఫ్టు. ఆకాశం నుంచి తీసిన ఫోటో మీద మౌసుతో రోడ్లు గీయడం. పొద్దున్నే వచ్చి టీ తాగుతూ, "ఇవాళ టెక్సాస్‌లో ఎనభై మైళ్ళ రోడ్డేశా" అనేవాడు. వాడికి అప్పటికి పాస్‌పోర్టు కూడా లేదు. ఏ ఊళ్ళో ఏ వీధి దేనికి అడ్డం తగుల్తుందో మాత్రం చెప్పేవాడు.

డిస్కు కొన్న కోపంలో వాడికి ఫోను చేశాను. "ఒక వీధి గీయడానికి ఎంతసేపురా?" అని అడిగాను.

"గీయడానికి నిమిషం" అన్నాడు. "ఉందో లేదో నమ్మడానికే నెలలు. ఫోటోలో రోడ్డులాగే ఉంటది, పోయి చూస్తే గేటు ఉంటది. గీత మాకిచ్చేవాళ్ళు. ఆ గీత నిజమని సంతకం పెట్టేవాడికే అసలు ఖర్చు."

అదీ అసలు సంగతి. మ్యాపులో ఖరీదైనది గీత కాదు, దాన్ని నిజంగా ఉంచడం. కార్లేసుకుని ఊళ్ళన్నీ తిరిగి చూసేవాళ్ళు కావాలి, ఏడాది పొడుగునా. ఫ్రిస్కోనే తీసుకోండి. 2000 జనాభా లెక్కల్లో 33,714 మంది. 2010లో 1,16,989. 2020లో 2,00,509. ఇలాంటి ఊరిని డిస్కులో పెట్టి అమ్మడమంటే ఎదిగే పిల్లాడికి ఒకే చొక్కా కుట్టించి ఇదే జీవితాంతం వేసుకో అనడం.

వాడు చెప్పింది విన్నాక ఒక పని చేశాను. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అని ఒకటుంది, మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఇంగ్లండులో స్టీవ్ కోస్ట్ అనే ఆయన 2004లో మొదలుపెట్టాడు. ఎవరైనా గీయొచ్చు, ఎవరైనా వాడుకోవచ్చు. అమెరికా రోడ్లు చాలావరకూ జనాభా లెక్కల శాఖ వాళ్ళ టైగర్ అనే ఉచిత డేటా నుంచి అందులోకి వచ్చి పడ్డాయి. మా కాలనీ అక్కడా ఖాళీయే. పైనుంచి తీసిన ఫోటోలో చూస్తే ఉత్త మట్టి. కాబట్టి నేనే ఫోన్లో జీపీఎస్ జాడ రికార్డు చేస్తూ ఆదివారం పొద్దున్నే నడిచాను. పక్కన మావాడు మూడుచక్రాల సైకిలు మీద. పదకొండు వీధులు, రెండు మూసుకుపోయిన సందులు. ఇంటికొచ్చి గీసి, పేర్లు రాసి, పంపేశాను. కాసేపటికల్లా ప్రపంచం మొత్తానికీ మా వీధి కనిపించింది.

మా గ్యారేజీలో ఉన్న కారుకి తప్ప.

ఖర్చు రూపాయి లేదు, ఒక పూట పని. అయినా ఆ వీధిని కార్లోకి ఎక్కించే దారి లేదు. ఎందుకంటే తాళం వాళ్ళ దగ్గర ఉంది. అప్పుడు అర్థమయింది. నేను కట్టిన 280లో నిజం చూసొచ్చినవాడి కూలి కొంత ఉంది, కంపైలు చేసినవాడి కూలి కొంత ఉంది, కాదనను. మిగతాది మాత్రం వేరే కొట్టుకి పోలేనందుకు కట్టిన డబ్బు. ధర ఎక్కువ గనక కొనేవాళ్ళు తక్కువ. కొనేవాళ్ళు తక్కువ గనక ఖర్చంతా ఉన్నవాళ్ళ మీదే పడి ధర ఎక్కువ. చివరికి ఏమవుతుందంటే, రోడ్డు మీద తిరిగే కార్లలో చాలావాటికి మొదటి రోజు మ్యాపే చివరి మ్యాపు.

ఇందాక గుర్తుపెట్టుకోమన్న ముక్కకొద్దాం. షికాగోలో నేను అమ్ముతున్నది కూడా సరిగ్గా ఇదే. మా రంగంలో లైసెన్సు ధరలో ఏటా 20 శాతం దాకా మెయింటెనెన్సు అని కట్టించుకోవడం మామూలే. ఆ క్లయింటు అది కట్టడం మానేశాడు. ఏడేళ్ళ తర్వాత కొత్త వెర్షను కావాలంటే ఆగిపోయిన ఏళ్ళన్నిటికీ కలిపి కట్టమని కొటేషను ఇచ్చాం. ఆ కొటేషను ఎక్సెల్లో కట్టినవాణ్ణి నేనే. వాళ్ళు కొనలేదు. పాత వెర్షనుతోనే ఇంకొన్నేళ్ళు లాగారు. అందులో మేం ఎప్పుడో సరిచేసిన తప్పులు వాళ్ళ లెక్కల్లో అలాగే ఉండేవి. తెర మాత్రం మొదటిరోజులాగే ధీమాగా అంకెలు చూపించేది. అక్కడ ఏ ఇల్లాలు ఏ బంకు దగ్గర ఏడ్చిందో నాకు తెలీదు.

కాబట్టి కారు కంపెనీని తిట్టడానికి నా నోరు సగమే లేస్తుంది. అయినా ఆ సగం తిడతాను.

మ్యాపు టైరులాంటిది కాదు. టైరు అరిగితే కంటికి కనిపిస్తుంది. మ్యాపు అరిగినా కనబడదు. అందుకే దాన్ని వస్తువుగా అమ్మితే మోసం కాకపోయినా మోసానికి చుట్టమవుతుంది. అమ్మేటప్పుడే ఒకమాట చెప్పాలి: ఈ మ్యాపు ఫలానా నెల వరకూ నిజం, ఇన్నేళ్ళు మేం నిజంగా ఉంచుతాం, ఆ ఖర్చు ధరలోనే ఉంది. అది చెయ్యలేకపోతే, కనీసం తెర మూలలో మ్యాపు తేదీ కనిపించేలా పెట్టండి. "ఈ మ్యాపుకి మూడేళ్ళు, బోర్డులు చూసుకోండి" అని కార్లో ఆవిడ చేత ఒక్క ముక్క చెప్పించండి. అది రాయడానికి ఎన్ని లైన్ల కోడు కావాలో మనకి తెలియదా?

ఫోను ఉచితం కదా, గొడవ వదిలిపోయింది కదా అంటారేమో. ఉచితమేమీ కాదు. మనం ఎక్కడికెళ్ళామో, ఎంతసేపు ఆగామో దానికిచ్చి దారి కొనుక్కుంటున్నాం. ట్రాఫిక్ ఎర్రగా కనిపించేది ముందు ఇరుక్కున్నవాళ్ళ ఫోన్ల పుణ్యమే. కానీ ఒక్కటి ఒప్పుకోవాలి. ఫోనువాడు మ్యాపుని వస్తువు అనుకోలేదు, రోజూ చెయ్యాల్సిన పని అనుకున్నాడు. అందుకే గెలిచాడు.

కార్లవాళ్ళు నేర్చుకున్నారా అంటే, నేర్చుకున్నారు, వాళ్ళకి కావలసింది. డిస్కు పోయింది, చందా వచ్చింది. మొదటి కొన్నేళ్ళు ఉచితం, తర్వాత ఏడాదికింత. దీనికీ ఒక ఆయుష్షు ఉంది. 2022 ఫిబ్రవరిలో ఏటీ అండ్ టీ తన 3జీ నెట్‌వర్కు ఆపేసినప్పుడు, దాని మీద ఆధారపడ్డ పాత కార్లలో ఆన్‌లైను సేవలు ఆగిపోయాయి. ఇక 2023లో జనరల్ మోటార్స్, తన కొత్త ఎలక్ట్రిక్ కార్లలో ఫోను తెరని కారు తెరమీద చూపించే కార్‌ప్లే, ఆండ్రాయిడ్ ఆటోలని తీసేస్తామని ప్రకటించింది. అంటే తాళం మళ్ళీ వాళ్ళ చేతికే. తేడా ఏంటంటే, ఈసారి మ్యాపు మాత్రం తాజాగా ఉంటుంది, చందా కట్టినన్నాళ్ళూ.

మా కారుని 2022 వేసవిలో అమ్మేశాం. ప్రకటనలో "నేవిగేషను ఉంది" అని రాయాలా వద్దా అని మా ఇంట్లో చిన్న చర్చ. రాస్తే ఒక మూడొందలు ఎక్కువ అడగొచ్చు. "మా అత్తగారినీ మామగారినీ గంటన్నర కూర్చోబెట్టింది అని కూడా రాయండి" అంది మా ఆవిడ. రాయలేదు.

కొనడానికి వచ్చింది కరీంనగర్ కుర్రాడు. ఎమ్మెస్ అయిపోయి అప్పుడే ఉద్యోగంలో చేరాడు. ఇంజను చూశాడు, టైర్లు తన్ని చూశాడు, తెర వెలిగించాడు. "అన్నా, దీంట్ల నావిగేషన్ గూడ ఉన్నదా?" అన్నాడు సంబరంగా.

"ఉంది. 2013 నాటి రోడ్లు చెబుతుంది. కొత్తది కావాలంటే డీలరు దగ్గర కొనాలి, అదీ ఇంకా దొరికితే. దాన్ని నమ్మి ఎయిర్‌పోర్టుకి మాత్రం పోకు తమ్ముడూ" అన్నాను. ఎయిర్‌పోర్టు కథ చెప్పాను.

నవ్వాడు. నవ్వుతూనే ఒక రెండొందలు తగ్గించమన్నాడు. తగ్గించాను. న్యాయమే మరి.

తాళాలు ఇచ్చేముందు అందులో మా వివరాలు చెరిపేద్దామని కూర్చున్నాను. పాత ఫోను నంబర్లు, వెళ్ళిన చోట్లు. చివర్న "ఇల్లు". మా చిరునామా అది ఎప్పుడూ తీసుకోలేదు గనక, మొదట్లో ఒక రాత్రి గ్యారేజీలోనే కూర్చుని ఆ ఖాళీ జాగా మధ్యలో వేలితో చుక్క పెట్టి దాచాను. తొమ్మిదేళ్ళూ ఆ చుక్కే మా ఇల్లు. "ఇల్లు తీసేయమంటారా?" అని అడిగింది తెర. అవును అని నొక్కి, తాళాలు కుర్రాడి చేతిలో పెట్టాను.

వాడు ఎక్కి కూర్చుని మొదట చేసిన పని, ఏసీ జాలీకి ఫోను తగిలించుకోవడం.